గోడమీది పులి పదిలమేనా?

తాతలు వేటాడారు. మైసూరు పనివాళ్లు తోలుకు రూపమిచ్చారు. మనవళ్లకు గోడమీద పులి మిగిలింది. ఎండకు వెలిసిపోతూ, చెమ్మకు చీలిపోతూ, పురుగులకు మేతవుతున్న ఆ పులిని కాపాడుకునేదెలా? అసలెందుకు కాపాడుకోవాలి?

మైసూరు అనగానే ఏం గుర్తొస్తుంది? మహారాజావారి ప్యాలెస్, దసరా అంబారీ, నోట్లో కరిగిపోయే మైసూర్‌పాక్, మల్లెపూలు, గంధం సబ్బు, పట్టుచీరలు... జాబితా చాలా పెద్దదే. కానీ ఇదే ఊరి పేరు మరో సరుకు మీద కూడా చిన్న అక్షరాలతో అచ్చయి దేశదేశాలకూ వెళ్లింది. రాజుల దర్బారు హాళ్లలో, ఆంగ్లేయ దొరల బంగళాల్లో, జమీందారీ లోగిళ్లలో కొలువుదీరింది. ఆ చీటీ మీద ఉండే పేరు 'వాన్ ఇంగెన్ అండ్ వాన్ ఇంగెన్, మైసూరు'. ఆ సరుకు... పులి!

ప్రాణంలేని పులే. అయినా చూసినవాళ్లు ఓ క్షణం ఆగిపోవాల్సిందే. తెరిచిన నోరు, ముడుచుకున్న ముక్కు, బయటికొచ్చిన కోరలు, మెరిసే గాజు కళ్లు. ఇప్పుడే పొదలోంచి దూకిందా అన్నట్టుంటుంది. అలాంటివి ఈ ఒక్క ఊళ్లో, ఒక్క కుటుంబం ఆధ్వర్యంలో దాదాపు వందేళ్లపాటు తయారయ్యాయి. తయారుచేసిన సంస్థ మూతపడింది. తయారైనవి మాత్రం ఇంకా ఇళ్లలో ఉన్నాయి. వాటిని ఏం చేయాలన్నదే ఇప్పుడు వారసుల ముందున్న ప్రశ్న.

ముగ్గురు అన్నదమ్ములు

డచ్ సంతతికి చెందిన యూజీన్ వాన్ ఇంగెన్ 1900 ప్రాంతంలో మైసూరులో ఈ పని మొదలుపెట్టాడు. అప్పట్లో దక్షిణాఫ్రికాలో బోయర్లకీ బ్రిటిష్‌వారికీ యుద్ధం జరుగుతోంది. బోయర్ సేనానులంటే ఆయనకు ఎంత అభిమానమంటే, కొడుకులకు ఏకంగా వాళ్ల పేర్లే పెట్టుకున్నాడు. బోథా, డివెట్, జూబెర్ట్... ఈ ముగ్గురే తండ్రి తర్వాత సంస్థను నడిపించారు.

వ్యాపారానికి ఊరు కూడా కలిసొచ్చింది. చుట్టూ బందీపుర, నాగరహొళె, కాకనకోటె అడవులు. పైగా వేటంటే మోజున్న రాజులు, తెల్లదొరలు. పులిని చంపడం మగతనానికీ హోదాకీ గుర్తుగా చలామణీ అయిన కాలమది. చంపితే సరిపోదు, చంపినట్టు నలుగురికీ కనిపించాలి! ఆ అవసరమే మైసూరు కార్ఖానాకు పని తెచ్చిపెట్టింది. చర్మం ఎలా ఒలవాలి, ఉప్పు ఎలా పట్టించాలి, పాడవకుండా మైసూరుకు ఎలా పంపాలి అన్నది వివరిస్తూ వేటగాళ్ల కోసం ఆ సంస్థ ఓ చిన్న పుస్తకం కూడా వేసింది.

ఆ అన్నదమ్ములకు వేటా, చేపలు పట్టడమూ సరదాయే. 1946 మార్చి 22న డివెట్ వాన్ ఇంగెన్ కబిని నదిలో గాలం వేసి 120 పౌండ్ల మహసీర్ చేపను పట్టాడు. అంటే 54 కిలోలపైనే! గాలానికి చిక్కిన మహసీర్లలో ఇప్పటికీ అదే రికార్డుగా చెబుతారు. విషాదమేమిటంటే, కావేరీ తీరంలో పుట్టి పెరిగే ఆ మూపురం మహసీర్ ఇప్పుడు అంతరించిపోయే దశకు చేరింది.

గడ్డి కూరరు!

'గడ్డి కూరిన పులి' అని మనవాళ్లు అలవాటుగా అనేస్తుంటారు. పాతకాలంలో నిజంగానే తోలు సంచిలా కుట్టి లోపల గడ్డో, పీచో కూరేవారు. ఫలితంగా పులి కాస్తా ఉబ్బిన దిండులా తయారయ్యేది. మైసూరు పద్ధతి అది కాదు. ఈ విద్యను ఇంగ్లిషులో టాక్సిడెర్మీ అంటారు. గ్రీకు నుంచి వచ్చిన ఆ మాటకు 'చర్మాన్ని అమర్చడం' అని అర్థం. అక్కడ జరిగింది సరిగ్గా అదే.

ఉప్పు పట్టించి పంపిన చర్మాన్ని ముందు శుభ్రం చేసేవారు. కుళ్లకుండా పదును చేసి, లోపలివైపు గీకి పల్చగా మార్చేవారు. మరోపక్క కాగితం గుజ్జుతో పులి ఒళ్లు తయారయ్యేది. కండరాలు ఎక్కడ పొంగాలో, పక్కటెముకలు ఎక్కడ కనిపించాలో అన్నీ చూసుకుని ముందుగా అచ్చులు చేసి పెట్టుకునేవారు. పెద్ద పులికో సైజు, చిన్న పులికో సైజు, చిరుతకు ఇంకో సైజు. కాగితం పొరలు ఆ అచ్చుల్లో అద్ది ఆరబెడితే లోపల బోలుగా, తేలిగ్గా ఉండే శరీరం సిద్ధమయ్యేది. దానిమీద తోలు తొడిగి, కుట్టి, గాజు కళ్లు అమర్చి, పెదవులకూ నాలుకకూ రంగు వేస్తే పులి పూర్తయినట్టే. చెప్పడానికి నాలుగు మాటలే. పులి మూతి ముడతను సరిగ్గా తేవడానికి మాత్రం ఏళ్ల తరబడి చేయి తిరగాలి. ఆ గర్జించే ముఖమే వాన్ ఇంగెన్ పులికి గుర్తింపు.

బ్రిటన్‌కు చెందిన జంతుశాస్త్రవేత్త పాట్ మోరిస్ ఈ సంస్థ చరిత్రను 2006లో పుస్తకంగా తెచ్చాడు. ఆయన లెక్క ప్రకారం ఆ కార్ఖానా చేతులమీదుగా వెళ్లిన పులులు, చిరుతలు 43 వేలకు పైనే. ఇక 2022 గణన ప్రకారం దేశం మొత్తంమీద అడవుల్లో ఉన్న పులులు సగటున 3,682. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు... మైసూరు పనితనాన్ని మెచ్చుకోబోయిన నోరు సగంలోనే ఆగిపోతుంది.

తుపాకులు దిగాయి

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973లో 'ప్రాజెక్ట్ టైగర్' మొదలైంది. మొదటి విడతలో ఎంపిక చేసిన తొమ్మిది అభయారణ్యాల్లో బందీపుర ఒకటి. మైసూరుకు 80 కిలోమీటర్ల దూరం. ఏ అడవిలోంచి తోళ్లు కార్ఖానాకు వచ్చాయో ఆ అడవే పులికి ఆశ్రయమైంది. వేట లేకపోతే తోలు లేదు, తోలు లేకపోతే పనిలేదు. అన్నదమ్ముల వయసూ మీద పడింది. చివరికి 1999లో సంస్థ మూతపడింది. ముగ్గురిలో చివరివాడైన జూబెర్ట్ వాన్ ఇంగెన్ నిండు నూరేళ్లు బతికి 2013 మార్చిలో మైసూరులోనే కన్నుమూశాడు.

ఇప్పుడు మైసూరు వెళ్లే కుటుంబాలు 1892 నాటి జూ చూస్తాయి. దాన్ని ఆనుకునే కారంజి చెరువు. ఆ ఒడ్డునే 1995లో మొదలైన ప్రాంతీయ ప్రకృతి శాస్త్ర మ్యూజియం. బతికున్న పులిని చూడ్డానికి ఒకటి, అడవి ఎలా పనిచేస్తుందో పిల్లలకు చెప్పడానికి మరొకటి. బెంగళూరు ప్యాలెస్‌కు వెళ్తే దర్బారు హాలు దగ్గర పెద్ద ఏనుగు తల కనిపిస్తుంది. మనకు దగ్గర్లో చూడాలంటే చెన్నై ఎగ్మూరులో 1851లో మొదలైన ప్రభుత్వ మ్యూజియం ఉంది. అక్కడి జంతుశాస్త్ర విభాగంలో అద్దాల బీరువాల వెనక ఎన్నో జంతువులు నిలబడి ఉంటాయి. ప్యాలెస్‌లలో, మ్యూజియంలలో ఉన్నవాటికి ఎవరో ఒకరు దిక్కు. ఇళ్లలో ఉన్నవాటి సంగతే ప్రశ్నార్థకం!

ఇంట్లో నలుగురు శత్రువులు

వేట ఒకప్పుడు మనదగ్గరా తక్కువేం కాదు. నల్లమలలో ఫర్హాబాద్ వైపు వెళ్తే నిజాం కాలపు వేటబంగళాల ఆనవాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. పాత లోగిళ్లలో హాలు గోడమీద జింక తలో, దుప్పి కొమ్ములో, మండువాలో పులి తోలో ఉండేది. లోగిలి పోయి అపార్ట్‌మెంట్ వచ్చింది. అన్నదమ్ములు పంచుకున్నారు. పులి ఎవరి వాటాకొస్తే వాళ్లింటికి చేరింది. కొందరిది డ్రాయింగ్ రూములో, కొందరిది అటకమీద. రెండుచోట్లా దాన్ని నలుగురు శత్రువులు కాచుకుని కూర్చుంటారు.

మొదటి శత్రువు వెలుతురు. బొచ్చు రంగు ఎండకు వెలిసిపోతుంది. బంగారు రంగు పులి పాలిపోయి గడ్డిరంగుకు దిగుతుంది. పోయిన రంగు మళ్లీ రాదు. ఇలాంటి సున్నితమైన వస్తువుల మీద 50 లక్స్‌కు మించి వెలుతురు పడకూడదన్నది మ్యూజియంల నియమం. మిట్టమధ్యాహ్నం నేరుగా పడే ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది! కిటికీ ఎదురుగా పెట్టిన పులి గతి ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

రెండోది తేమ. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంటే తోలుకు హాయి. 65 దాటితే బూజు పడుతుంది. మన కోస్తాలో వానాకాలం వస్తే 80 దాటడం మామూలే. తేమకు తోలూ, లోపలి కాగితం గుజ్జూ ఉబ్బుతాయి. ఎండాకాలం రాగానే ఎండిపోయి బిగుసుకుంటాయి. ఏడాదికోసారి ఈ ఉబ్బడం, బిగుసుకోవడం జరుగుతుంటే ఎక్కడో ఓచోట తెగాల్సిందే. పెదవుల చుట్టూ, కళ్ల మూలల్లో, పంజాల దగ్గర, పొట్ట కింది కుట్టు వెంట పగుళ్లు మొదలవుతాయి. పగలంతా మూసేసి రాత్రిపూట మాత్రమే ఏసీ వేసే గదిలో ఈ ఇబ్బంది రోజూ ఉంటుంది.

మూడో శత్రువు పురుగులు. ఉన్ని బట్టలు కొరికే చిమ్మెటలు, తోలునూ బొచ్చునూ తినే చిన్న పెంకు పురుగులు. నిజానికి తినేది పెద్ద పురుగు కాదు, దాని పిల్ల. చీకట్లో, కదలిక లేనిచోట, బొచ్చు మొదట్లో కూర్చుని తింటుంది. కింద నూకలాంటి పొడి రాలినా, ఒలిచిన పొట్టులాంటిది కనిపించినా, చేత్తో ముట్టకుండానే బొచ్చు ఊడి పడుతున్నా లోపల విందు జరుగుతున్నట్టే లెక్క.

నాలుగో శత్రువు మనిషి! వచ్చిన ప్రతి చుట్టమూ పులి తల నిమురుతాడు. పిల్లాడు చెవి పట్టుకు వేలాడతాడు. పండక్కి ఇల్లు దులిపేటప్పుడు ఎవరో తడిగుడ్డతో తుడిచేస్తారు. కొబ్బరినూనె రాస్తే మెరుస్తుందని ఇంకెవరో సలహా ఇస్తారు. చేతి చెమట, నూనె, తడి... మూడూ తోలుకు చేటే. దేవుడి గదికి దగ్గర్లో ఉంటే అగరుబత్తి పొగ, వంటింటికి దగ్గరైతే పోపు జిడ్డు అదనం.

విషం పూసిన తోలు

అసలు కథ ఇక్కడుంది. పాత పులిని ముట్టుకోకూడదన్నది కేవలం పులి మేలుకోసం కాదు, మన మేలుకోసం కూడా. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని మెట్జ్ పట్టణానికి చెందిన బెకోర్ అనే మందుల వ్యాపారి తోలు పాడవకుండా ఓ సబ్బు కనిపెట్టాడు. అందులో కర్పూరంతోపాటు ఆర్సెనిక్ కలిపాడు. ఆర్సెనిక్ అంటే మనవాళ్లు పాషాణం అనే విషమే. అది పూసిన తోలును పురుగు ముట్టదు. దాంతో ఆ సబ్బు ప్రపంచమంతా పాకింది. దాదాపు రెండొందల ఏళ్లపాటు, 1970ల దాకా వాడకంలో ఉంది. కొన్నిచోట్ల పాదరసం లవణాలూ, ఆ తర్వాత డీడీటీ కూడా చల్లేవారు.

ఆర్సెనిక్ ఆవిరైపోదు, కాలం గడిస్తే విరిగిపోదు. వందేళ్ల క్రితం పూసినది వందేళ్ల తర్వాతా అక్కడే ఉంటుంది. తోలు పగిలినచోట పొడిగా మారి బయటికి వస్తుంది. కళ్ల చుట్టూ, చెవుల మొదట్లో, కుట్ల వెంట, పీఠం మీద తెల్లటి పొడిలా పేరుకుంటుంది. చూడ్డానికి దుమ్ములాగే ఉంటుంది. అందుకే మ్యూజియం నిపుణులు ఒక నియమం పెట్టుకున్నారు: పరీక్షలో లేదని తేలేదాకా పాత బొమ్మ ప్రతిదానిలోనూ ఆర్సెనిక్ ఉందనే అనుకోవాలి.

తమాషా ఏమిటంటే, ఇంత విషం ఉన్నా పురుగులు పడుతూనే ఉంటాయి. సబ్బు పూసేది తోలు లోపలివైపు. పైనున్న బొచ్చుకు ఆ రక్షణ పూర్తిగా అందదు. అంటే విషం ఉందన్న ధీమాతో పట్టించుకోకపోతే బొచ్చూ పోతుంది, విషమూ మిగులుతుంది.

ఇలా చేస్తే పదికాలాలు

ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ముందు కావలసింది సరైన చోటు.

బయటి గోడకు తగిలించకూడదు. వానకు నానే గోడ అది. లోపలి గోడ, నేరుగా ఎండ పడని మూల, వంటింటికీ బాత్రూముకీ దూరం. ఏసీ గాలిగానీ ఫ్యాన్ గాలిగానీ సూటిగా తగలకూడదు. వెలుతురుకు సాధారణ ఎల్‌ఈడీ బల్బు సరిపోతుంది, అదీ కొంచెం దూరంనుంచి. చూసేవాళ్లు లేనప్పుడు ఆర్పేయాలి. కిటికీకి మందపాటి తెర ఉంటే సగం పని అయినట్టే.

వీలైతే అద్దాల పెట్టె చేయించాలి. దుమ్ము, పురుగు, పిల్లల చేతులు... మూడింటినీ ఒకేసారి ఆపేది అదే. పెట్టెలో తేమను చూపించే చిన్న హైగ్రోమీటర్, తేమను పీల్చే సిలికా జెల్ సంచులు పెట్టుకోవచ్చు. తల భాగం మాత్రమే ఉండి గోడకు తగిలించేదైతే, మేకు బదులు బరువుకు తగ్గ బోల్టులు వేయించాలి. దుప్పి తల మీద పడితే దుప్పికీ మనకీ ఇద్దరికీ ప్రమాదమే. కొమ్ములు పట్టుకుని ఎత్తకూడదు. చెవులు, తోక కూడా అంతే. బరువంతా పీఠానిదో, వెనక చెక్కదో కావాలి.

దుమ్ము దులిపే రోజున ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు తప్పనిసరి. పిల్లలూ, గర్భిణులూ ఆ గదిలో ఉండకూడదు. మెత్తటి కుంచెతో బొచ్చు వాలిన దిక్కుగానే మెల్లగా తుడవాలి. ఎదురు దువ్వితే వెంట్రుకలు విరుగుతాయి. లేచిన దుమ్మును హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ క్లీనర్‌తో, తక్కువ వేగంలో, గొట్టం మూతికి పల్చటి గుడ్డ కట్టి లాగాలి. మామూలు వాక్యూమ్ క్లీనర్ అయితే విషపు పొడిని వెనకనుంచి గదంతా చల్లుతుంది. గాజు కళ్లను మాత్రం కాస్త తడిపిన దూది పుల్లతో తుడవొచ్చు. పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తొడుక్కున్న బట్టలు విడిగా ఉతకాలి.

నీళ్లు, కిరోసిన్, నూనె, షాంపూ, దోమల మందు... ఇవేవీ దగ్గరికి రానివ్వకూడదు. నాఫ్తలిన్ గోళీల పొగ మనుషులకే మంచిది కాదు, హాల్లో ఆ పద్ధతి మానుకోవడమే మేలు. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకసారి, వెలిశాక ఒకసారి టార్చిలైటుతో కుట్లూ, చెవుల వెనకా, పంజాల మధ్యా చూస్తే చాలు. పురుగు పట్టినట్టు అనుమానం వస్తే వెంటనే మందపాటి పాలిథిన్‌లో చుట్టి వేరే గదిలో పెట్టి మ్యూజియం నిపుణుల సలహా తీసుకోవాలి. మ్యూజియంలలో ఇలాంటివాటిని గాలి చొరబడకుండా చుట్టి, మైనస్ 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు గడ్డకట్టిస్తారు. మందు లేకుండానే పురుగూ గుడ్డూ చస్తాయి. అది విని ఇంట్లో కూరగాయల పక్కన ఫ్రిజ్‌లో పెడితే మాత్రం కొంప మునుగుతుంది. విషం సంగతి మరవకూడదు!

పులికి కాగితాలున్నాయా?

తోలు బాగానే ఉండొచ్చు. కాగితం లేకపోతే మాత్రం ఆ పులి ఇంట్లో ఉండటమే నేరం. పులి, చిరుత, జింక, దుప్పి... చట్టం రక్షణలో ఉన్న ఏ జంతువు తలైనా, తోలైనా, కొమ్మైనా అటవీశాఖ చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఇచ్చిన యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి. అప్పటిదాకా లెక్కచెప్పనివారి కోసం 2003లో కేంద్రం ఆరు నెలల గడువు ఇచ్చింది. ఆ తలుపు ఎప్పుడో మూసుకుపోయింది. అడవిలో రాలిపోయిన కొమ్ము దొరికినా అది ప్రభుత్వానిదే. ఊళ్లో గేదె కొమ్ములకు మాత్రం ఈ గొడవ లేదు.

ధ్రువపత్రం ఉన్నా అమ్మడానికి వీల్లేదు. స్నేహితుడికి కానుకగా ఇవ్వడానికీ వీల్లేదు. వారసత్వంగా మాత్రమే చేతులు మారాలి. అలా వచ్చినా పని అయిపోయినట్టు కాదు. తొంభై రోజుల్లోగా వారసుడు వార్డెన్‌కు తెలియజేయాలి. చాలా కుటుంబాలు పొరబడేది ఇక్కడే. నాన్న పేరుమీద కాగితం ఉందిలే అనుకుంటారు. నాన్న పోయాక ఆ కాగితాన్ని కొడుకో కూతురో తమ పేరుకు మార్పించుకోవాలన్న సంగతి తోచదు. రాష్ట్రం మారితే, అంటే విజయవాడ నుంచి హైదరాబాద్‌కు ఇల్లు మార్చినా సరే, ముప్పై రోజుల్లోగా అక్కడి వార్డెన్‌కు చెప్పాలి. అమెరికాలోని అబ్బాయి ఇంటికి తీసుకెళ్దామంటే కుదరదు. బాగుచేయించాలన్నా ఎవరికిపడితే వారికి ఇవ్వకూడదు. లైసెన్సు లేకుండా టాక్సిడెర్మీ పని చేయడం కూడా నేరమే. పులిలాంటి జంతువుల విషయంలో చట్టం మీరితే శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా.

మరి వద్దనుకుంటే? 2022లో చట్టాన్ని సవరించినప్పుడు ఒక దారి చూపించారు. ధ్రువపత్రం ఉన్నవాళ్లు ఏడు పనిదినాల ముందు నోటీసు ఇచ్చి దాన్ని వార్డెన్‌కు అప్పగించవచ్చు. పరిహారం ఏమీ రాదు. అప్పటినుంచి అది రాష్ట్ర ప్రభుత్వ ఆస్తి అవుతుంది. రాత్రికి రాత్రి చెత్తకుండీ పాలు చేయడంకన్నా, పెరట్లో తగలబెట్టి ఆ విషపు పొగ పీల్చడంకన్నా అది ఎంతో మేలు.

చీటీ చింపొద్దు

చంపిన పులిని ఇంత జాగ్రత్తగా దాచడం దేనికి? అడగాల్సిన ప్రశ్నే. తాతగారి వీరత్వానికి గుర్తుగా అయితే నిజంగానే అక్కర్లేదు. కానీ ఆ తోలులో తాతగారికీ తెలియని ఓ రహస్యం ఉంది.

కార్డిఫ్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రం శాస్త్రవేత్తలు 2013లో ఒక పరిశోధన ప్రచురించారు. బ్రిటిష్ కాలంలో వేటాడిన పులుల తోళ్లు, ఎముకలు మ్యూజియంలలో ఉన్నాయి కదా, వాటినుంచి డీఎన్‌ఏ తీసి ఇప్పటి పులులతో పోల్చారు. ఆనాటి పులుల్లో కనిపించిన డీఎన్‌ఏ రకాల్లో 93 శాతం ఈనాటి పులుల్లో లేవని తేలింది. పులులు తగ్గాయన్నది అందరికీ తెలుసు. వాటిలోని వైవిధ్యం ఎంత పోయిందో చెప్పింది మాత్రం దుమ్ముపట్టిన పాత తోళ్లే.

మన కడప జిల్లా కలివికోడి కథ ఇంకా ముచ్చటైనది. 1900 తర్వాత కనిపించకుండా పోయి, అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో మళ్లీ దర్శనమిచ్చింది. కానీ దాని గుడ్డు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం భద్రపరిచిన పాత గుడ్లలో ఒకటి కలివికోడిదేనని 2013లో బయటపడింది. మ్యూజియంలో దాచిన పాత కలివికోడి చర్మంతో డీఎన్‌ఏ పోల్చి చూసి ఖాయం చేశారు. ఎవరో ఎప్పుడో శ్రద్ధగా దాచిపెట్టకపోతే ఆ రహస్యం వీడేదే కాదు. హైదరాబాద్ అత్తాపూర్‌లోని సీసీఎంబీ వారి లాకోన్స్ ప్రయోగశాల చిన్న తోలు ముక్కనుబట్టి అది ఏ జంతువుదో తేల్చి, అటవీ నేరాల కేసుల్లో సాయపడుతోంది.

అయితే శాస్త్రానికి తోలు ఒక్కటే చాలదు. ఏ సంవత్సరం, ఏ అడవి అన్నది తెలిస్తేనే దానికి విలువ. అందుకే వెనక అంటించిన మైసూరు చీటీ చింపకూడదు. ఇత్తడి పలకమీద రాసిన తేదీని పాలిష్ పెట్టి అరగదీయకూడదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఆదివారమే అడిగి రాసిపెట్టుకోవాలి. ఎవరు, ఎప్పుడు, ఏ ఊరి పొలిమేరలో అన్న మూడు ముక్కలు చాలు. ఆ కాగితం, ధ్రువపత్రం నకలు, బొమ్మ ఫొటోలు ఒకే కవరులో ఉంచాలి. బొమ్మ ఎక్కడికెళ్తే కవరూ అక్కడికి వెళ్లాలి.

కొత్తగా పులి బొమ్మ కావాలంటే వేటాడనక్కర్లేదన్నదీ ఇప్పుడు రుజువైంది. ముంబైలోని సంజయ్‌గాంధీ జాతీయ పార్కులో 2009లో టాక్సిడెర్మీ కేంద్రం మొదలైంది. బొంబాయి పశువైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే డాక్టర్ సంతోష్ గైక్వాడ్ దానికి ఆద్యుడు. ముసలితనంతోనో జబ్బుతోనో చనిపోయిన జంతువుల చర్మాలకు అక్కడ ప్రభుత్వ అనుమతితో రూపమిస్తారు. అవి చేరేది పిల్లలు చూసి నేర్చుకునే చోట్లకు. వాన్ ఇంగెన్ అన్నదమ్ముల విద్యే అది. తుపాకీ ఒక్కటే లేదు.

గోడమీది పులి గర్జించదు, కరవదు. దానికి ఆకలీ లేదు. అది అడిగేది కాస్త నీడ, కాస్త పొడిగాలి, ఓ కాగితం. అంతే! అవి ఇవ్వగలిగితే ఇంట్లో ఉండనివ్వచ్చు. ఇవ్వలేకపోతే ఇవ్వగలిగినవాళ్లకు అప్పగించడమే మర్యాద. ఇక నిజమైన పులి సంగతంటారా... మైసూరులో పొద్దున్నే బండెక్కితే బందీపుర రెండు గంటల దారి. అదృష్టం బాగుంటే పొదల వెనకనుంచి ఓ జత కళ్లు కనిపిస్తాయి. అవి గాజువి కావు!